మొహాల అంగడి

ఫొటో 61

ఫొటోతో పాటు నాలుగు మాటలు రాయాలని అంగడి వాళ్ళ నిబంధన. మొహం ఎందుకు అలా అయిందో కొనేవాళ్ళకు తెలియాలట. తెలియకపోతే ఏడుపులో రుచి ఉండదట. సరే, రాస్తాను. మా యాసలో రాసి పంపితే అర్థం కాలేదని రెండుసార్లు తిప్పికొట్టారు, అందుకని ఇలా బడిపుస్తకంలోలాగా రాస్తున్నాను.

ఈ ఫొటోలో నేను ఏడుస్తున్నది కొత్తిమీర కోసం. నవ్వకండి. మీరుండే చల్లటి కొండల మీద కొత్తిమీర కాళ్ళ కింద మొలుస్తుందేమో, మా నాలుగో లెవెల్లో మొలవదు. ఇది ఒకప్పటి బొగ్గు గని. మా తాతలు బొగ్గు కోసం దిగేవారు, మేము ఎండకు తాళలేక దిగాం. దీపం కింద పళ్ళెంలో నలభై రోజులు పెంచాను. నా వాటా తాగునీళ్ళలోంచి రోజూ ఒక గుక్క దానికి పోశాను. నిన్న పొద్దున గాలిగొట్టానికి కట్టే బట్ట ఉతికి, నల్లనీళ్ళు పారబోసి వచ్చేసరికి ఆ పళ్ళెం మీద నా మొగుడు ఓదెలు చెప్పు అచ్చు ఉంది. ఒక్క రెబ్బ మిగల్లేదు. అక్కడే చతికిలబడి ఏడ్చాను. భుజం మీద తీగకు కట్టుకున్న కన్ను, అంగడి వాళ్ళిచ్చిన ఫొటోయంత్రం, దాని పని అది చేసుకుపోయింది. మంచి క్షణం ఏదో అదే ఏరుకుంటుంది, అదే పంపుతుంది.

కాటాకు నిలిచింది. కాటా అంటే మొహం నిజంగా ఏడుస్తోందా, నటిస్తోందా అని తూచే యంత్రం. యంత్రాలు గీసిన మొహాలు ఊరికే ఇచ్చినా ఎవరూ తీసుకోరు కాబట్టి, నిజంగా కడుపు మండిన మొహానికే ఇప్పుడు ధర. ఉల్లిపాయ కోసి ఏడిస్తే కాటా ఒప్పుకోదు. మా పక్కింటివాళ్ళు ఆ తెలివే చూపి ఆర్నెల్లు అంగడి గడప తొక్కకుండా అయ్యారు.

ఫొటో 62

ఇది కోపం. కొత్తిమీరను ఓదెలు పొరపాటున తొక్కలేదట. ధర వచ్చాక తనే చెప్పాడు, అదేదో ఘనకార్యం చేసినవాడిలా మీసం కింద నవ్వుకుంటూ.

"కావాల్ననే తొక్కిన. చెప్పి తొక్కితే కాటాకు నిలుస్తదా?"

చేతిలో ఉన్న గంటె వాడి మీదికి విసిరాను. తగిలింది. కోపానికి అంగడిలో ఏడుపుకొచ్చినంత రాదు కానీ ఎంతో కొంత వచ్చింది. గంటె ఎత్తి కడుక్కుంటుంటే నాకు ఒక సంగతి తోచింది. ఓదెలు మూర్ఖుడే, కానీ అన్నది తప్పు కాదు. ఇన్నాళ్ళూ నేను కష్టం దానంతట అది వచ్చేదాకా కూర్చుని చూస్తున్నాను. రాని నాడు ఫొటో లేదు.

ఎందుకింత ఆత్రం అని అడుగుతారు. నాకొక చెల్లెలుంది, వినోద. ఇరవై రెండేళ్ళు. దానికి కింద మంచం లేదు. ఇక్కడ మంచం ఉన్నవాళ్ళే కింద ఉంటారు. లేనివాళ్ళు గేటు హాలులో నేల మీద పడుకుని, తెల్లవారకముందే పైకి వెళ్ళి ఎండపలకల మీది దుమ్ము తుడవాలి. ఆ పలకలు తుడిస్తేనే మా పంకాలు తిరుగుతాయి. పైపని చేసేవాళ్ళలో ముప్ఫై దాటినవాళ్ళను నేను చూడలేదు. అమ్మ పోయే ఘడియకు గానీ నేను చేరలేదు, పోతూ దాని చెయ్యి నా చేతిలో పెట్టింది. నా మొహం అమ్మి దానికి మంచం కొనాలి. అంతే కథ.

ఫొటో 66

కూర్చోబెట్టి మాట్లాడాను. ఓదెలును, మా అత్త మల్లవ్వను. ఏం చేసినా చేయండి, ఏం చెప్పినా చెప్పండి, నాకు ముందు తెలియనివ్వకండి అన్నాను. ఓదెలు వెంటనే తలూపాడు. పంకాల దగ్గర మరలు తిప్పేవాడికి ఇంతకంటే సరదా ఏముంటుంది. అత్త మాత్రం ఇదేం పాడు పని అంది. ఏడుపును పిలిస్తే ఇంట్లోనే మంచమేసుకుంటుంది అంది. నేను వినోద పేరు ఎత్తాను. ఒప్పుకుంది. వినోద అంటే ఆమెకు ప్రాణం. కూతుళ్ళు లేని మనిషి.

మా అత్త సంగతి మీకు తెలియదు. చావు ఇళ్ళలో శోకం పెట్టి ఏడవడంలో నాలుగు లెవెళ్ళలో ఆమెను మించినవాళ్ళు లేరు. పోయినవాడి గుణగణాలన్నీ పాటలో కట్టి ఆమె రాగం తీస్తే, బతికుండగా వాణ్ణి తిట్టినవాళ్ళు కూడా కొంగులు తడుపుకునేవారు. అంత గొంతును ఇన్నాళ్ళూ పుట్టగొడుగుల తట్టల మధ్య మురగబెట్టుకుంది.

ఈ ఫొటో ఆమె పుణ్యమే. పప్పు ఏరుతూ, తల ఎత్తకుండా, మామూలు మాటలా అంది. మా అమ్మ చివరి రోజుల్లో నన్ను చూడాలని మూడుసార్లు కబురు పంపిందట. ఇంటి పని ఆగిపోతుందని అత్త ఆ కబుర్లు నాకు చెప్పలేదట. మూడో కబురు వచ్చిన రోజు నేను గడప దగ్గరే కూర్చుని తల దువ్వుకుంటున్నానట.

అది నిజమా అబద్ధమా అని ఇప్పటికీ అడగలేదు. అడిగితే ఆ ఊట ఎండిపోతుంది. ఈ ఒక్క మాట మీద మూడు ఫొటోలు నిలిచాయి. అత్త పోయిన ఆరు నెలలకు కోడలు ఏడ్చిందంటారు. మా ఇంట్లో అత్త ఉండగానే, ఆమె ఎదురుగానే, ఆమె చెప్పినట్టే ఏడుస్తున్నాను.

ఫొటో 79

ఇందులో ఎవరి కల్పనా లేదు. చూస్తే మీకే తెలుస్తుంది, నోరు ఎంత వంకరపోయిందో.

పొద్దున ఎండ ముదరకముందే సైరన్ మొదటి కూతకు గేటు పడుతుంది. రెండో కూత దాకా ఇరవై నిమిషాలు. ఈ లోపు బయట ఎవరైనా మిగిలిపోతే, వాళ్ళ రక్తసంబంధీకులు వచ్చి తలుపు మీద చెయ్యి పెడితే ఒక్కసారి తెరుచుకుంటుంది. వేరేవాళ్ళ చెయ్యికి తెరుచుకోదు. మునుపు ఎవరు పడితే వాళ్ళు జాలిపడి తెరిచేవారు. అలా తెరిచి తెరిచి ఒక ఎండాకాలం రెండో లెవెల్ మొత్తం ఉడికిపోయింది. అప్పటినుంచి మా గేటు జాలికి తెరుచుకోదు, రక్తానికే. రెండో కూత పడితే ఎవరికీ తెరుచుకోదు, సాయంత్రం దాకా.

ఇంట్లో గేటు గంట మోగింది. బయట మనవాళ్ళు ఉంటేనే అది మోగుతుంది. చీపురు చేతిలోనే ఉంది, అలాగే పరుగెత్తాను. గేటు కాపలా పోశం నన్ను చూసి పక్కకు జరిగాడు. తలుపుకున్న చిన్న అద్దంలోంచి వినోద తల కనబడింది, చెయ్యి పెట్టాను. తలుపు లేచింది, వేడి మొహాన కొట్టింది, దాని వెంట వినోద లోపలికి దొర్లింది. పలకల సందులో గుడ్డ పడిపోతే తీయడానికి ఆగిందట. గుడ్డ కోసం.

చీపురుతోనే దాన్ని నాలుగు బాదాను. అది దెబ్బలు తింటూనే కిసకిస నవ్వింది. "అక్కా, నీ మొహం జూస్తే నాకే భయమైతాంది, ఫొటో మంచిగ వచ్చి ఉంటది సూడు" అంది.

వచ్చింది. అరవై ఒకటి నుంచి డెబ్బై ఎనిమిది దాకా అన్నీ కలిపినా ఇంత రాలేదు. ఓదెలు ఆ ధరను చాలాసేపు చూశాడు. నేను వాడి మొహాన్ని చూశాను.

ఫొటో 84

ఓదెలు ఆయాసపడుతూ వచ్చి, గేటు పడింది, వినోద బయటే ఉంది అన్నాడు. నేను పరుగెత్తిన తీరు నాకు తెలియదు, కాలి గోరు ఊడిన సంగతి తర్వాత చూసుకున్నాను. వెళ్ళేసరికి వినోద గేటు హాలులో గోడకు ఆనుకుని జొన్న గటక తాగుతోంది. నన్ను చూసి ఏమైందక్కా అంది.

ఇంటికి వచ్చి ఓదెలును ఏమేం అన్నానో ఇక్కడ రాయను, అంగడి వాళ్ళు కొట్టేస్తారు. రెండు రోజులు పొయ్యి వెలిగించలేదు. అత్త కూడా కొడుకు మొహాన ఉమ్మేసినంత పని చేసింది, ఆ పిల్ల పేరుతో ఆటలేంట్రా అని. మూడో రోజు ధర తెలిసింది. మంచం వెలలో నాలుగో వంతు. ఒక్క ఫొటోకు.

నేను పొయ్యి వెలిగించాను. గోరు ఊడిన వేలికి గుడ్డ చుట్టుకుని అందరికీ వడ్డించాను. ఓదెలు రెండోసారి పెట్టించుకున్నాడు.

ఫొటో 91

ఈసారి వినోదే నటించింది. నాకు ఇదెక్కడి విడ్డూరమో అర్థం కావడం లేదు. బావ అడిగాడట, ఇది సరేనందట. నా మంచానికే కదా, నేను పాలు పంచుకోవద్దా అందట. పోశంకు కూడా ఏదో ముట్టజెప్పి గంట మోగించారు. నేను వెళ్ళేసరికి పోశం తల వంచుకుని, ఇంకా రాలేదమ్మా అన్నాడు. తలుపు మీద చెయ్యి పెట్టబోతుంటే, పైపని కోట్లు వేలాడదీసే చోట వెనకనుంచి నవ్వు వినిపించింది. కోట్ల కింద దాని పాదాలు కనబడుతున్నాయి.

కాటా సగమే ఒప్పుకుంది. "భయంలో అనుమానం కలిసింది" అని రాసి పంపారు. అనుమానం ఎక్కడ కలిసిందో నాకు తెలుసు. లిఫ్టులో పైకి వెళ్తుండగా ఒక్క క్షణం, ఇది కూడా వాళ్ళ పనేనా అనుకున్నాను. ఆ ఒక్క క్షణాన్ని కూడా ఆ దిక్కుమాలిన యంత్రం తూచింది.

నేను వినోదను తిట్టలేదు. అది నా ఒళ్ళో తల పెట్టుకుని, "నీకు ఏడుపు అరిగిపోయిందక్కా. ఈసారి నిజంగనే బయట ఉండిపోతా, అప్పుడు సూద్దాం" అంది. దాని నెత్తి మీద మొట్టికాయ వేశాను. దాని జుట్టంతా ఎర్రదుమ్ము. పేలదువ్వెనతో దువ్వితే నేల మీద కుప్ప పడింది.

ఫొటో 95

నిలవలేదు. తొంభై రెండు, మూడు, నాలుగు కూడా నిలవలేదు. ఫొటోతో పంపే ఈ నోటు మాత్రం రాయాల్సిందేనట, కాబట్టి రాస్తున్నాను.

ఓదెలు తనకు మరో ఆడదానితో సంబంధం ఉందన్నాడు. ఎవరా గుడ్డిది అని అడిగాను. అత్త తనకు కడుపులో గడ్డ లేచిందంది. చూపించమన్నాను. నా మొహం రాయి అయిపోయింది. ఎవరేం చెప్పినా ముందు వాళ్ళ కళ్ళు చూస్తున్నాను, చేతులు చూస్తున్నాను, ఎక్కడ తప్పు దొరుకుతుందా అని. తొంభై అయిదులో మీరు చూసేది అదే, శోకాలు పెడుతున్న అత్త ఎదుట కూర్చుని ఆమె రాగంలో తప్పులు ఏరుతున్న కోడలు.

ఇంకొక్క మంచి ఫొటో చాలు, మంచం మా చేతికి వస్తుంది. నిన్న వినోద వెళ్ళి మంచాల వరసలో ఖాళీగా ఉన్నదాన్ని చూసి వచ్చింది. జానలతో కొలిచిందట. పంకాకు దగ్గరేనట. పడుకుంటే కాళ్ళు బయటికి రావట. పదిసార్లు చెప్పింది.

అది వెళ్ళాక ఓదెలు మళ్ళీ గేటు మాట ఎత్తాడు. అత్త ఒప్పుకోలేదు. ఆ పిల్ల పేరు ఎత్తితే నా నాలుక తెగిపోవాలంది. నాకు ఒళ్ళు మండింది. ఆమె ఎదురుగా నిలబడి అన్నాను. యాసలోనే అన్నాను, అలాగే రాస్తున్నాను.

"నాలుక తెగుడు కాదు, నీ నాలుకల పస లేదు. ముసల్దానివైనవ్. నీ శోకానికి ఇప్పుడు కుక్క గూడ ఏడ్వది."

ఆమె మొహం నల్లబడింది. పుట్టగొడుగుల తట్ట ఎత్తుకుని బయటికి వెళ్ళిపోయింది. పౌరుషం వచ్చిందిలే, ఇక రాజుకుంటుంది అనుకున్నాను. నిజం చెప్పాలంటే, దానికోసమే అన్నాను.

ఫొటో 96

మీలో ఎవరో దీన్ని కొన్నారు. ఎవరో నాకు తెలియదు. ధర ఎక్కుతున్నంతసేపు మీరంతా ఒకరి మీద ఒకరు పోటీ పడ్డారని చెప్పారు. కాటా ఇంత నిండుగా దేన్నీ తూచలేదట. నోటు రాయకపోతే అమ్మకం చెల్లదట, మూడు రోజుల గడువు, ఇవాళ మూడో రోజు. చదవండి.

పొద్దున నేను గాలిబట్ట పిండుతున్నాను. గేటు గంట మోగింది. తొంభై ఒకటిలో కూడా మోగింది కదా, నేను కదల్లేదు. కాసేపటికి అత్త వచ్చింది. పైపనివాళ్ళకు పొద్దున గటక పట్టుకెళ్ళేది ఆమే, అక్కడినుంచే వచ్చింది. కాళ్ళకు చెప్పులు లేవు. జుట్టు ఊడిపోయి ఉంది. శోకం పెట్టలేదు. రాగం తీయలేదు. గొంతు అసలు లేవలేదు.

"వినోద తలుపవతల పడిపోయిందే. కాలు మడతపడ్డది, పాక్కుంట వచ్చింది. అద్దంలకెల్లి కనబడుతాంది. నడువు బిడ్డా, చెయ్యి పెడుదువు."

నాకు మొదట తోచినది ఏమిటో చెప్తాను. ఆహా అనుకున్నాను. నిన్న అన్న మాట పని చేసింది, పంతం పట్టింది, రాగం పక్కన పెట్టి కొత్త దారి తొక్కింది అనుకున్నాను. పాక్కుంటూ వచ్చింది అనడం ఎంత బాగుంది. అద్దంలోంచి కనబడుతోంది అనడం ఇంకా బాగుంది. ఓదెలుకు పది జన్మలెత్తినా ఆ మాట తట్టదు.

ఆమె నా రెక్క పట్టుకుని లాగింది. నేను గోడ పట్టుకుని కూర్చున్నాను. నవ్వు వస్తోంది, ఆపుకుంటున్నాను, నవ్వితే ఫొటో పోతుందని. అత్తమ్మా, నాలుక తెగాలన్నావు కదా, ఒక్క రోజుకే మాట తప్పావా అన్నాను. ఆమె ఏదో అంది. అమ్మ మీద ఒట్టు అంది, కొడుకు మీద ఒట్టు అంది. తొంభై రెండులో కూడా కొడుకు మీద ఒట్టు పెట్టింది. లెమ్మని వీపు మీద కొట్టింది. నేను ఆమె చేతులు చూశాను, వణుకుతున్నాయి. వణికించడం కూడా నేర్చిందని మెచ్చుకున్నాను, పైకే అన్నాను ఆ మాట.

అప్పుడు ఆమె నా కాళ్ళు పట్టుకుంది.

కొండల మీద మీ ఆచారాలేమిటో నాకు తెలియదు. మా దగ్గర అత్త కోడలి కాళ్ళు పట్టుకోదు. ప్రాణం పోతున్నా పట్టుకోదు. అరవై ఏళ్ళ మనిషి, నేను ఇంటికి వచ్చిన నాటినుంచి నా చేత కాళ్ళు మొక్కించుకున్న మనిషి, తడినేల మీద బోర్లా పడి, నా రెండు పాదాలూ పట్టుకుని నుదురు వాటికి ఆనించింది. ఇంత దూరం తెగించిందా నా చెల్లెలి మంచం కోసం అనుకున్నాను. నా గుండె నిండిపోయింది. ఎన్నాళ్ళనుంచో నవ్వని నవ్వు వచ్చేసింది. పకపకా నవ్వాను. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాను. లే అత్తమ్మా, ఇంతకంటే బాగా ఎవరూ చేయలేరు, నేను ఓడిపోయాను అంటూ ఆమె తల నిమిరాను.

మీరు కొన్నది ఆ నవ్వే. కల్తీ లేని నవ్వు అంగడికి వచ్చి ఏళ్ళయిందట.

ఆమె లేచి నన్ను ఒక్కసారి చూసింది. పరుగెత్తుకుంటూ వెళ్ళిపోయింది. పోయి తన చెయ్యే తలుపు మీద పెట్టిందట. రక్తం కాదు కదా, తలుపుకు ఏం పట్టింది. అయినా తీయకుండా అలాగే అదిమి పట్టిందట. ఎండ కాసిన ఇనుము, అరచెయ్యి చర్మం దానికే అంటుకుపోయింది. అద్దానికి అటువైపు వినోద ఉందట. అక్క వస్తోంది అని అత్త సైగ చేసి చెప్తూనే ఉందట.

నేను గాలిబట్ట ఆరవేశాను. రెండో కూత విన్నాను. పొయ్యి మీద నీళ్ళు పెట్టాను. వాళ్ళంతా నవ్వుకుంటూ ఎప్పుడొస్తారా అని గడప వైపు చూస్తున్నాను. పోశం వచ్చాడు. లోపలికి రాలేదు.

"సుగుణమ్మా, ఇగ నువ్వు రానక్కర లేదు" అన్నాడు.

ఫొటో 97

నిలవలేదు. సాయంత్రం ఎండ దిగాక గేటు తెరిచి తీసుకొచ్చారు. హాలులో పడుకోబెట్టారు. నేను దాని కాలి బొటనవేలు గట్టిగా గిల్లాను. లేవే, ఇక చాలు, ధర వచ్చేసింది అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నన్ను పట్టుకున్నారు. వాళ్ళందరి కళ్ళూ చూశాను, చేతులు చూశాను. ఎక్కడో ఒకచోట తప్పు దొరుకుతుందని ఒక్కొక్కరినీ చూశాను. కోట్ల వెనక్కి కూడా వెళ్ళి చూశాను.

"దుఃఖం రుజువు కాలేదు" అని రాసి పంపారు.

ఫొటో 104

తొంభై ఆరుతో మంచం వచ్చింది. వెల కట్టి ఇంకా మిగిలింది కూడా. కాగితం మీద వినోద పేరు రాయించబోయాను. పోయిన మనిషి పేరు రాయడం కుదరదన్నాడు గుమాస్తా. నా పేరు రాసి, మనిషి లేని మంచానికి నెలనెలా ఖాళీరుసుము కట్టమన్నాడు. ఒక్క నెల తప్పినా ఎవరికో ఇచ్చేస్తారు.

ఓదెలు తన చిన్నాన్న కొడుకును పడుకోబెడదామన్నాడు. వాడు కూడా పైపనివాడే, వాడికీ ఇరవై ఏళ్ళే, వాడూ చచ్చేవాడే అన్నాడు. న్యాయమైన మాటే. కాదన్నాను. ఆ మంచం మీద ఎవరైనా కాలు పెడితే ఆ కాలు నరుకుతానన్నాను. అది జానలతో కొలుచుకున్న మంచం.

రోజూ వెళ్ళి దుప్పటి దులిపి వస్తాను. ఏడుపు రాదు. ఈ నెలంతా ఒక్క ఫొటో నిలవలేదు. నా మొహంలో ఇంకేమీ లేదని, వేరే పని చూసుకోమని అంగడి వాళ్ళు సలహా ఇచ్చారు. రుసుము గడువు దగ్గరపడింది.

మల్లవ్వ, ఫొటో 1

ఇంట్లోవాళ్ళ మొహం కూడా అమ్ముకోవచ్చు, వాళ్ళు వేలిముద్ర వేస్తే చాలు. అత్త కుడి అరచెయ్యి కాలిపోయింది కాబట్టి ఎడమ బొటనవేలు వేసింది. కన్ను నా భుజం మీదే ఉంది, ఇటు తిప్పడానికి బదులు అటు తిప్పాను.

ఇందులో ఆమె వంటింటి గుమ్మం దగ్గర ఉంది. నేను అన్న మాట ఇది. నువ్వు ముందు అంత బాగా అబద్ధాలు ఆడకపోయి ఉంటే నేను వచ్చేదాన్ని. అంతే అన్నాను. గట్టిగా కూడా అనలేదు.

నాలుగు లెవెళ్ళను ఏడిపించిన మనిషి ఏడిస్తే గొంతే లేవదని నాకిప్పుడు తెలిసింది. నోరు తెరుచుకుంటుంది, చప్పుడు రాదు. కాటా ఒక్క త్రుటి కూడా ఆలోచించలేదట.

మల్లవ్వ, ఫొటో 23

మీలో చాలామంది ఈమెను ఇష్టపడుతున్నారు. ధర తగ్గకపోవడం నాకే వింతగా ఉంది. నాది అరిగింది, ఈమెది అరగడం లేదు. రోజూ అదే మాట, రోజూ మొదటిసారి విన్నట్టే ఉంటుంది ఆమెకు. ఖాళీరుసుము రెండు నెలలకు ముందే కట్టేశాను.

నిన్న ఓదెలు నా మీద చెయ్యెత్తాడు. అమ్మను చంపుతున్నావే అన్నాడు. అన్నం తినడం మానేసిందట, తట్టల దగ్గర కూర్చుని కాలిన చెయ్యి చూసుకుంటూ ఉంటుందట. వాడు చెప్పింది నాకు తెలియనిది కాదు. ఆమె చిక్కిపోయింది, మెడ నరాలు లేచాయి. ఇంకెన్నాళ్ళు ఉంటుందో తెలియదు. ఆమె పోతే శోకం పెట్టడానికి కూడా ఎవరూ లేరు. ఇవాళ వద్దులే, ఒక రోజు ఊపిరి పీల్చుకోనిద్దాం అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. కన్ను తీగ మీదినుంచి తీసి గూట్లో పెట్టాను.

అత్త పొద్దున లేచి మొహం కడుక్కుంది. తల దువ్వుకుని ముడి వేసుకుంది. గూట్లోంచి కన్ను తీసి, కాలని చేత్తోనే తిప్పలు పడి నా భుజం మీద తీగకు కట్టింది. నాకు ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"అను, బిడ్డా" అంది.

అన్నాను.